ఒకే ఆఫీసర్, ఒకే డ్రాఫ్ట్, రెండు యుద్ధాలు: జనరల్ హెర్షీ మీద కేస్ స్టడీ

లూయిస్ బి. హెర్షీ పేరు మనవాళ్ళలో చాలామంది విని ఉండరు. కానీ 1940 నుంచి 1970 దాకా అమెరికాలో డ్రాఫ్ట్ అంటే, అంటే చట్టం ప్రకారం కుర్రాళ్ళని పిలిచి సైన్యంలో చేర్చే పద్ధతి, అది ఈయనే. సెలెక్టివ్ సర్వీస్ సిస్టమ్ అనే సంస్థకి 1941 జూలై 31న డైరెక్టర్ అయ్యాడు, 1970 ఫిబ్రవరి 16న దిగాడు. రూజ్‌వెల్ట్, ట్రూమన్, ఐసెన్‌హోవర్, కెన్నెడీ, జాన్సన్, నిక్సన్, ఇంతమంది ప్రెసిడెంట్లు మారినా డ్రాఫ్ట్ ఆఫీసులో మాత్రం ఆయనే ఉన్నాడు.

నేను రిక్రూట్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ వైపు చాలా కాలం పనిచేసి ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నా, కొత్తగా వచ్చే వాళ్ళకి ఈ కేసు చెప్తుంటా. మనకి డ్రాఫ్ట్ లేదు, మన ఆర్మీ మొత్తం వాలంటరీ, అయినా ఎందుకు చెప్తానంటే ఎవరిని తీసుకోవాలి ఎవరిని వదలాలి అని తేల్చే కుర్చీలో కూర్చున్న ఎవరికైనా ఇంతకంటే పనికొచ్చే కేసు నాకు దొరకలేదు. అదే మనిషి, అదే యంత్రాంగం, రూల్స్ కూడా కొంచెం అటూ ఇటుగా అవే, రెండో ప్రపంచ యుద్ధంలో జనం ఒప్పుకుని నడిచారు, వియత్నాం టైమ్‌కి అదే సంస్థ ఇచ్చిన కార్డుల్ని రోడ్ల మీద తగలబెట్టారు. దీనికి జవాబుగా చాలామంది వియత్నాం యుద్ధం మీద వ్యతిరేకత అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది నిజమే కానీ సగం నిజం. నా లెక్కలో మిగతా సగం ఏంటంటే, వందలో ఎంతమందిని తీసుకుంటున్నాం అనే నిష్పత్తి మారిపోయింది, అది మారినా పద్ధతి మార్చాలని హెర్షీకి అనిపించలేదు. ఈ రైటప్ అంతా ఆ పాయింట్ చుట్టూనే.

మనిషి గురించి కొంచెం

1893లో ఇండియానా రాష్ట్రం స్టూబెన్ కౌంటీలో, రైతు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఆ కౌంటీకి షెరిఫ్‌గా చేస్తే ఈయన డిప్యూటీగా ఉన్నాడు, తర్వాత స్కూల్ టీచర్. 1911లో ఇండియానా నేషనల్ గార్డ్‌లో, అంటే ఆ రాష్ట్రపు రిజర్వ్ సైన్యంలో చేరాడు, 1916లో మెక్సికో బోర్డర్, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, ఆ తర్వాత రెగ్యులర్ ఆర్మీలో కమిషన్. 1927లో పోలో ఆడుతుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అలాంటి ఆఫీసర్‌కి ఫీల్డ్ కమాండ్‌లో పెద్దగా ఎదుగుదల ఉండదు, స్టాఫ్ పనిలోకి వెళ్ళాల్సిందే. 1936లో వాషింగ్టన్‌లో ఆర్మీ నేవీ ఉమ్మడి సెలెక్టివ్ సర్వీస్ కమిటీకి పంపారు. అప్పటికి డ్రాఫ్ట్ అనేది లేదు, ఎప్పుడైనా అవసరం పడితే ఎలా చేయాలో ప్లాన్ రాసి పెట్టుకోవడమే ఆ కమిటీ పని. ఎవరూ కోరుకోని పోస్టింగ్. ఆయన దాన్ని మనసు పెట్టి చేశాడు, నాకు ఈయన మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడే.

ముందు ఏం చదివారంటే, పాత డ్రాఫ్ట్‌లు ఎందుకు చెడిపోయాయి అని. 1863లో సివిల్ వార్ మధ్యలో సైన్యం మనుషులే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నారు, పైగా 300 డాలర్లు కడితే తప్పించుకోవచ్చు, లేదంటే డబ్బిచ్చి బదులు మనిషిని పంపొచ్చు. న్యూయార్క్‌లో ఆ ఏడాది జూలైలో అల్లర్లు చెలరేగి ఎంతోమంది చనిపోయారు, ఎక్కువ దెబ్బ తిన్నది నల్లజాతి వాళ్ళు. ఆ యుద్ధం అయ్యాక జేమ్స్ ఓక్స్ అనే ఆఫీసర్ ఇల్లినాయ్ అనుభవం మీద ఒక రిపోర్ట్ రాశాడు, పేరు నమోదు చేసుకునే బాధ్యత పౌరుడిదే అవ్వాలి, ఆఫీసర్ గుమ్మం దాకా వెళ్ళకూడదు అని. 1917లో జనరల్ ఎనక్ క్రౌడర్ దాన్ని అమలు చేసి ఊరి పెద్దలతో లోకల్ బోర్డులు పెట్టాడు. హెర్షీ కమిటీ దీన్నే ఇంకా బిగించి, రాష్ట్రాల నేషనల్ గార్డ్ ఆఫీసర్లకీ రిజర్వ్ ఆఫీసర్లకీ ముందుగానే ట్రైనింగ్ ఇస్తూ వచ్చింది.

దాని ఫలితం చూడండి. 1940 సెప్టెంబర్ 16న రూజ్‌వెల్ట్ చట్టం మీద సంతకం పెట్టాడు, అమెరికా చరిత్రలో యుద్ధం లేని టైమ్‌లో వచ్చిన మొదటి డ్రాఫ్ట్ అది. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబర్ 16న, ఒక్క రోజులో 1 కోటి 60 లక్షల మందికి పైగా, 21 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, స్కూళ్ళకీ పోలింగ్ సెంటర్లకీ వాళ్ళంతట వాళ్ళే వచ్చి పేర్లు రాయించుకున్నారు. అదే నెల 29న వార్ సెక్రటరీ స్టిమ్సన్ కళ్ళకి గంతలు కట్టుకుని, ఎవరిని ముందు పిలవాలో తేల్చే నంబర్లలో మొదటిది గాజు పాత్రలోంచి తీశాడు, 158. ఇవాళ కంప్యూటర్లు ఉండి కూడా మనం ఒక్క రోజులో అలాంటి పని చేయగలమా అని నేను క్లాసులో అడుగుతుంటా. ముందు డైరెక్టర్‌గా క్లారెన్స్ డైక్‌స్ట్రా అనే యూనివర్సిటీ ప్రెసిడెంట్‌ని పెట్టారు, ఆయన కొన్ని నెలలకే వదిలేసి వెళ్ళాడు, పని చేస్తున్నది ఎటూ హెర్షీనే కాబట్టి ఆయన్నే డైరెక్టర్ చేశారు. అది జరిగిన కొద్ది రోజులకే, 1941 ఆగస్టులో, తీసుకున్నవాళ్ళ సర్వీస్ పొడిగించే బిల్లు ప్రతినిధుల సభలో 203–202తో, ఒక్క ఓటుతో నెగ్గింది. అప్పటికి ఈ సిస్టమ్ ఎంత సన్నటి దారం మీద ఉందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

లోకల్ బోర్డ్ అసలు ఎలా నడిచేది

ఈ కేసుకి గుండెకాయ ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రెండో ప్రపంచ యుద్ధంలో 6,400 పైచిలుకు లోకల్ బోర్డులు ఉండేవి, వియత్నాం టైమ్‌కి 4,000 పైచిలుకు. ఒక్కో బోర్డులో కనీసం ముగ్గురు, ఆ కౌంటీ వాళ్ళే, జీతం లేదు. గవర్నర్ సిఫార్సు చేస్తే ప్రెసిడెంట్ పేరు మీద నియామకం. షాపు ఓనరు, రైతు, లాయరు, మొదటి యుద్ధం నుంచి వచ్చిన పాత సైనికుడు, ఇలాంటి వాళ్ళు. జీతం తీసుకుని ఫైళ్ళు చూసేది క్లర్క్, ఎక్కువ చోట్ల ఒక ఆవిడే, నెలకోసారో రెండుసార్లో వచ్చే మెంబర్లకి ఏ ఫైల్ ముందు పెట్టాలో ఆవిడే చూసుకునేది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, ఫైల్ ఎవరు పెడుతున్నారో సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

కోటా పైనుంచి వస్తుంది. డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ ఈ నెల ఇంతమంది కావాలంటుంది, నేషనల్ హెడ్‌క్వార్టర్స్ రాష్ట్రాలకి పంచుతుంది, రాష్ట్రం బోర్డులకి పంచుతుంది. మన దగ్గర రాష్ట్రాల వాటా రిక్రూటబుల్ మేల్ పాప్యులేషన్, అంటే చేరడానికి అర్హులైన మగవాళ్ళ జనాభా, ఆ లెక్క మీద వస్తుంది కదా, ఊహ అలాంటిదే, తేడా ఏంటంటే మనది వచ్చినవాళ్ళలో ఏరుకోవడం, వాళ్ళది రానివాళ్ళని రప్పించడం. బోర్డు ప్రతి కుర్రాడికీ ఒక క్లాస్ ఇస్తుంది. 1-ఎ అంటే వెంటనే తీసుకోవచ్చు, 2-ఎస్ స్టూడెంట్, 3-ఎ ఇంటి మీద ఆధారపడ్డవాళ్ళు ఉన్నవాడు, 4-ఎఫ్ ఆరోగ్యం లేదా ఇతర కారణాలతో పనికిరాడు, 4-డి మతగురువు లేదా ఆ చదువు చదివేవాడు, 1-ఓ మనస్సాక్షి రీత్యా ఆయుధం పట్టనివాడు. బోర్డు నచ్చకపోతే రాష్ట్రంలో అప్పీల్ బోర్డు ఉంది.

హెర్షీ నమ్మకం ఏంటంటే, ఇంటి పరిస్థితి వాషింగ్టన్‌కి తెలీదు, పక్కింటివాడికి తెలుస్తుంది. వీడు నిజంగా తల్లిని పోషిస్తున్నాడా, ఈ పొలం ఇతను లేకపోతే బీడు పడుతుందా, అది ఊరివాళ్ళే చెప్పగలరు. కొడుకుని పంపమని చెప్పేది కూడా తెలిసినవాళ్ళే అయితే కోపం తక్కువ, యూనిఫామ్ వేసుకున్నవాడు చెప్తే 1863 మళ్ళీ వస్తుంది. నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఊళ్ళో పింఛను లిస్టులో ఎవరి పేరు ఉండాలో ఊరి కమిటీ తేల్చే పద్ధతి చూసినవాళ్ళకి దీని బలం ఏంటో, దీని చీడ ఏంటో రెండూ తెలుసు. అందరికీ సరిపడా పింఛన్లు ఉంటే ఆ కమిటీ చాలా బాగా పనిచేస్తుంది, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అన్నదే ప్రశ్న. పదిమందికి ఒక్కటే ఉంటే మాత్రం అదే కమిటీ ఊరిని రెండు చేస్తుంది.

యుద్ధంలో ఎందుకు నిలబడింది

1940 నుంచి 46 దాకా కోటి మందికి పైగా డ్రాఫ్ట్ ద్వారా వెళ్ళారు, యూనిఫామ్ వేసుకున్న మొత్తం 1 కోటి 60 లక్షల మందిలో ఎక్కువ మంది వీళ్ళే. అంటే ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు దాదాపుగా వెళ్ళాల్సిందే. బోర్డు తేల్చేది వీడు వెళ్తాడా లేదా అని కాదు, ఎప్పుడు వెళ్తాడు అని. బ్యాంకర్ కొడుకూ వెళ్ళాడు, కూలీ కొడుకూ వెళ్ళాడు. అందుకే ఒక బోర్డుకీ ఇంకో బోర్డుకీ తేడాలున్నా జనం సర్దుకున్నారు.

ఒత్తిళ్ళు లేవని కాదు. 1942 డిసెంబర్‌లో సంస్థని వార్ మ్యాన్‌పవర్ కమిషన్ కిందకి తెచ్చారు, సైన్యానికీ ఫ్యాక్టరీలకీ మనుషుల్ని ఒకేచోట నుంచి పంచుదామని. పిల్లలున్న తండ్రుల్ని తీసుకోవాలా అన్న గొడవ కాంగ్రెస్‌లో పెద్దదైంది, 1943 అక్టోబర్ నుంచి వాళ్ళనీ తీసుకున్నారు, ఆ డిసెంబర్‌కి కాంగ్రెస్ సంస్థని మళ్ళీ ఇండిపెండెంట్ చేసింది. హెర్షీ బలం కాంగ్రెస్‌లో ఉంది, పొలం కబుర్లతో, పల్లెటూరి మాటతీరుతో కమిటీల ముందు గంటలకొద్దీ సమాధానాలు చెప్పేవాడు, వాళ్ళకి ఆయన మనవాడు అనిపించేవాడు.

ఆయుధం పట్టనివాళ్ళ విషయంలో ఆయన చేసింది నాకు నచ్చుతుంది. హెర్షీ పూర్వీకులు మెనోనైట్లు, యుద్ధమే పాపం అనే శాఖ, ఈయన ఆ మతాచారంలో లేకపోయినా ఆ మనుషులు ఎలాంటివాళ్ళో తెలుసు. మొదటి యుద్ధంలో వాళ్ళని సైనిక క్యాంపుల్లో పెట్టి కొట్టిన సంగతులు ఉన్నాయి. ఈసారి మెనోనైట్, బ్రదరెన్, క్వేకర్ చర్చిలతో కూర్చుని సివిలియన్ పబ్లిక్ సర్వీస్ అని పెట్టారు, సుమారు 12,000 మంది అడవుల్లో, భూసార పరిరక్షణ పనుల్లో, మానసిక వైద్యశాలల్లో పనిచేశారు. జీతం లేదు, ఖర్చు చాలావరకు చర్చిలే భరించాయి, అది న్యాయం కాదు, కుటుంబాలు చాలా ఇబ్బంది పడ్డాయి. ఇంకో వైపు సుమారు 6,000 మంది జైలుకి వెళ్ళారు, అందులో ఎక్కువ మంది యెహోవా సాక్షులు.

ఇంకా చీకటి కోణాలు కూడా ఉన్నాయి. చట్టంలో జాతి వివక్ష ఉండకూడదని రాసి ఉన్నా ఆర్మీ తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరువేరుగా కోటాలు అడిగింది, సంస్థ వాటిని అలాగే పంపింది. జపనీస్ అమెరికన్లని క్యాంపుల్లో బంధించి, 1944 జనవరి నుంచి ఆ ముళ్ళ కంచె లోపలి కుర్రాళ్ళనే డ్రాఫ్ట్ చేయడం మొదలెట్టారు. హార్ట్ మౌంటెన్ క్యాంపులో 63 మంది, ముందు మా హక్కులు మాకివ్వండి తర్వాత వస్తాం అని నిలబడ్డారు, అందరికీ శిక్ష పడింది, 1947 డిసెంబర్‌లో ట్రూమన్ క్షమాభిక్ష ఇచ్చాడు. అది హెర్షీ ఒక్కడి నిర్ణయం కాదు కానీ ఆయన మెషీన్ మీదే జరిగింది. పైనుంచి ఏది వేస్తే అది నమిలే మెషీన్ కట్టినప్పుడు ఇలాంటివి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మనుషులు ఎక్కువై, అవసరం తక్కువైనప్పుడు

1947 మార్చిలో చట్టం గడువు అయిపోయింది, 1948 జూన్‌లో మళ్ళీ తెచ్చారు, కొరియా యుద్ధంలో 15 లక్షల మంది దాకా తీసుకున్నారు. ఇక్కడే 1951లో స్టూడెంట్ డిఫర్‌మెంట్ గట్టిగా వచ్చింది, కాలేజీలో ర్యాంకు బాగుంటే లేదా ఒక క్వాలిఫికేషన్ టెస్ట్‌లో మార్కులు వస్తే వాయిదా. కొరియా అయ్యాక అవసరం పడిపోయింది. 1962లో తీసుకుంది 82,060 మంది. ఇంకోపక్క 1946 నుంచి పుట్టిన బేబీ బూమ్ పిల్లలు, అంటే యుద్ధం అయ్యాక జననాలు బాగా పెరిగిన తరం, 1964 నుంచి పద్దెనిమిదికి వస్తున్నారు. నీళ్ళు ఎక్కువ, కాలవ చిన్నది.

అప్పుడు ఏ ఆఫీసర్ అయినా రెండింట్లో ఒకటి చేయాలి. ఒకటి, అందరినీ ఒకే గాటన కట్టి లాటరీ తీయడం. రెండు, వదిలేసే కారణాలు పెంచుకుంటూ పోవడం. హెర్షీ రెండోది ఎంచుకున్నాడు. స్టూడెంట్లు, తండ్రులు, టీచర్లు, ఇంజనీర్లు, రక్షణ పరిశ్రమల్లో ఉన్నవాళ్ళు, 1963లో పిల్లల్లేని పెళ్ళైనవాళ్ళని కూడా వరసలో చివరికి పంపారు, 1965 ఆగస్టు 26 తర్వాత పెళ్ళి చేసుకున్నవాళ్ళకి అది వర్తించదని జాన్సన్ మళ్ళీ తీసేశాడు.

ఆ తర్వాత వదిలేయడమే ఒక పాలసీ అయిపోయింది. 1965 నాటి సంస్థ సొంత ఓరియెంటేషన్ మెటీరియల్‌లో ఛానెలింగ్ అని ఒక పత్రం ఉంది, అందులో విషయం సూటిగా ఉంటుంది: డ్రాఫ్ట్ భయం ఉంటే కుర్రాళ్ళు కాలేజీకి వెళ్తారు, సైన్సు చదువుతారు, దేశానికి కావాల్సిన ఉద్యోగాల్లో కుదురుకుంటారు, అలా దేశ మానవ వనరుల్ని మలచడం కూడా మన పనే. తర్వాత అది బయట పొక్కి గొడవై వెనక్కి తీసుకున్నారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా బాధ కలిగించే కాగితం ఇదే. సైన్యానికి మనుషుల్ని ఇవ్వడానికి పెట్టిన సంస్థ, సైన్యానికి అంతమంది అక్కర్లేనప్పుడు, ఎవరు ఏం చదవాలి ఎప్పుడు పెళ్ళి చేసుకోవాలి అన్నదాన్ని భయం చూపించి నడపడం మొదలెట్టింది. చేసిన మనిషి చెడ్డవాడు కాదు, డబ్బు తిన్నవాడు కాదు, పని మీద ప్రేమ ఉన్నవాడు, అయినా ఇలా జరిగింది, ఎందుకంటే ఆయన సంస్థ బతికి ఉండడానికి ఒక కారణం కావాలి, ఇది దొరికింది. 1955, 1959, 1963లో చట్టాన్ని పెద్ద చర్చ లేకుండా పొడిగించుకుంటూ పోయిన కాంగ్రెస్ తప్పు కూడా ఇందులో ఉంది.

1965 జూలై 28న జాన్సన్ నెలవారీ కోటాని 17,000 నుంచి 35,000కి పెంచుతున్నట్టు ప్రకటించాడు. 1966లో 3,82,010 మందిని తీసుకున్నారు. అయినా అది చిన్న భాగమే. ఆ యుద్ధకాలంలో డ్రాఫ్ట్ వయసులోకి వచ్చిన మగవాళ్ళు సుమారు 2 కోట్ల 70 లక్షలు అయితే, 1964 నుంచి 1973 దాకా డ్రాఫ్ట్ ద్వారా వెళ్ళింది 18 లక్షల చిల్లర. పదిమందిలో ఒక్కడు కూడా కాదు. ఇప్పుడు బోర్డు తేల్చేది ఎప్పుడు అని కాదు, ఎవరు అని. కాలేజీ ఫీజు కట్టగలిగేవాడికి 2-ఎస్, ఫ్యామిలీ డాక్టర్ దగ్గర గట్టి మెడికల్ లెటర్ తెచ్చుకోగలిగేవాడికి 4-ఎఫ్, ఏదీ లేనివాడికి 1-ఎ. అందులోనూ పెద్ద వయసువాళ్ళని ముందు పిలిచే వరస కాబట్టి పద్దెనిమిదిన్నర నుంచి ఇరవయ్యారు దాకా కుర్రాడి జీవితం గాల్లో వేలాడుతూనే ఉండేది, ఉద్యోగం ఇచ్చేవాడు కూడా నీ క్లాస్ ఏంటి అని అడిగేవాడు.

1966లో బర్క్ మార్షల్ అధ్యక్షతన వేసిన కమిషన్ బోర్డుల లోపలికి తొంగి చూసింది. మెంబర్ల సగటు వయసు 58. మొత్తం మెంబర్లలో నల్లజాతి వాళ్ళు 1.3 శాతం. పక్కింటివాడే తేలుస్తాడు అన్న సిద్ధాంతానికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు, ఎందుకంటే ఎవరి పిల్లలు ఎక్కువ వెళ్తున్నారో వాళ్ళ పక్కింటివాడు ఆ గదిలో అసలు లేడు. కమిషన్ లాటరీ పెట్టండి, స్టూడెంట్ డిఫర్‌మెంట్లు ఆపండి అని చెప్పింది. హెర్షీ లాటరీకి వ్యతిరేకం, మనిషి తీర్పు ఉండాల్సిన చోట అదృష్టాన్ని కూర్చోబెట్టడం ఏంటని. కాంగ్రెస్ ఆయన మాటే విని 1967 జూన్ చట్టంలో డిగ్రీ స్టూడెంట్ల వాయిదాలు కొనసాగించింది, తన అనుమతి లేకుండా లాటరీ పెట్టకుండా అడ్డం కూడా వేసింది. అదే చట్టంలో ఆడవాళ్ళకి బోర్డు మెంబర్లు అయ్యే వీలు ఇచ్చారు, అప్పటిదాకా అది కూడా లేదు.

1967 అక్టోబర్ 26 లెటర్

ఆ అక్టోబర్‌లో ఓక్లాండ్ ఇండక్షన్ సెంటర్ (పిలిచినవాళ్ళని సైన్యంలో చేర్చుకునే చోటు) ముందు ఆందోళనలు, 21న పెంటగాన్ మార్చ్, కార్డులు వెనక్కి ఇచ్చేసే కార్యక్రమాలు. 26న హెర్షీ లోకల్ బోర్డులకి ఒక లెటర్ పంపాడు: రిక్రూట్‌మెంట్‌కి, డ్రాఫ్ట్ పనికి చట్టవిరుద్ధంగా అడ్డుపడేవాళ్ళకి డిఫర్‌మెంట్ పొందే హక్కు లేదు, అలాంటివాళ్ళ క్లాస్ మళ్ళీ చూడండి అని. పిలిచే వరసలో మొట్టమొదట ఉండేది డెలిన్‌క్వెంట్లు, అంటే రూల్ తప్పినవాళ్ళు. కార్డు తిరిగి ఇచ్చినవాణ్ణి డెలిన్‌క్వెంట్ అని రాసేస్తే చాలు, స్టూడెంట్ అయినా ఇంకెవరైనా నేరుగా వరస ముందుకి. కేసు లేదు, కోర్టు లేదు, ముగ్గురు మెంబర్లు సంతకం పెడితే అయిపోతుంది.

ప్రాక్టీషనర్‌గా ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. సైన్యంలో సర్వీస్ గౌరవం అని ముప్పై ఏళ్ళు ప్రచారం చేసిన మనిషే దాన్ని శిక్షగా వాడమన్నాడు. ఆర్మీలో చేరిన కుర్రాడికి, వాళ్ళ అమ్మానాన్నలకి, ఇంతకన్నా అవమానం ఏముంటుంది? మా దగ్గర ఇలాంటి ఆలోచన ఎవరైనా నోట్ మీద పెడితే రెండో టేబుల్ దాటకూడదు. యూనివర్సిటీలు మండిపడ్డాయి, జస్టిస్ డిపార్ట్‌మెంట్‌తోనే తేడా వచ్చింది, డిసెంబర్‌లో అటార్నీ జనరల్ రామ్సే క్లార్క్‌తో కలిసి ఒక జాయింట్ స్టేట్‌మెంట్ ఇచ్చినా ఇద్దరి అర్థాలు వేరే వేరే.

కోర్టులు నెమ్మదిగా వచ్చాయి కానీ వచ్చాయి. వ్యోమింగ్‌లో ఒక థియాలజీ స్టూడెంట్, చట్టం ప్రకారమే మినహాయింపు ఉన్నవాడు, యుద్ధానికి నిరసనగా కార్డు తిరిగి ఇచ్చేశాడు, బోర్డు అతన్ని 1-ఎ చేసింది. 1968 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఓస్టరైక్ కేసులో, చట్టం ఇచ్చిన మినహాయింపుని బోర్డు ఇలా లాక్కోవడానికి అధికారమే లేదంది. 1970 జనవరి 19న గట్‌నెక్ట్ కేసులో ఇంకా ముందుకెళ్ళి, ఇలా శిక్షగా పిలుపుని ముందుకి జరిపే డెలిన్‌క్వెన్సీ రూల్స్‌కి చట్టంలో ఆధారమే లేదని కొట్టేసింది. హెర్షీ కుర్చీ దిగడానికి నెల కూడా లేదు అప్పటికి.

బాక్సర్ మహమ్మద్ అలీ కేసు అందరికీ తెలిసిందే అయినా దాని ఆఖరి తీర్పు నేను తప్పకుండా చెప్తా. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిచినప్పుడు సైన్యంలో చేరుతున్నట్టుగా వేయాల్సిన అడుగు ముందుకి వేయలేదు, టైటిల్ పోయింది, అయిదేళ్ళ శిక్ష పడింది. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు 8–0తో కొట్టేసింది. దేనిమీద? మనస్సాక్షి రీత్యా యుద్ధానికి రానన్న ఆయన అభ్యర్థనని అప్పీల్ బోర్డు తోసిపుచ్చింది కానీ ఎందుకో కారణం రాయలేదు. జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన మూడు కారణాల్లో రెండు నిలబడవని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది, బోర్డు దేన్ని పట్టుకుందో ఎవరికీ తెలీదు కాబట్టి శిక్ష చెల్లదు. మన భాషలో చెప్పాలంటే అది స్పీకింగ్ ఆర్డర్, అంటే కారణాలు రాసి ఇచ్చే ఉత్తర్వు, కాదు. ఊరివాళ్ళకి విచక్షణ ఇచ్చాం, కారణం రాయమని మాత్రం గట్టిగా అడగలేదు, అంతా అక్కడే ఉంది. ఈ సిస్టమ్‌లో నేను ఒక్క రూల్ మార్చగలిగితే లాటరీ కన్నా ముందు దీన్నే మార్చేవాణ్ణి: ప్రతి క్లాసిఫికేషన్ కింద రెండు లైన్లు కారణం, కుర్రాడికి కాపీ. అది ఉంటే బోర్డుకీ బోర్డుకీ తేడా 1950ల్లోనే కాగితం మీద కనిపించేది.

దిగిపోవడం, తర్వాత

1969 అక్టోబర్ 10న నిక్సన్ ప్రకటించాడు, హెర్షీ ఫిబ్రవరిలో దిగుతాడని. నాలుగు నక్షత్రాల జనరల్ ర్యాంకు ఇచ్చి మ్యాన్‌పవర్ సలహాదారు అని ఒక పోస్ట్ ఇచ్చారు. అప్పటికి వయసు 76. డిసెంబర్ 1న పుట్టిన తేదీల మీద లాటరీ తీశారు, మొదట వచ్చిన తేదీ సెప్టెంబర్ 14. అందులోనూ పొరపాటు జరిగింది, తేదీలు పెట్టిన క్యాప్సూల్స్ నెలలవారీగా పోసి సరిగ్గా కలపలేదు, ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్ళకి ముందు నంబర్లు ఎక్కువ వచ్చాయి, మరుసటి ఏడాది పద్ధతి మార్చారు. హెర్షీ తర్వాత కర్టిస్ టార్ వచ్చాడు. 1970 ఫిబ్రవరిలో గేట్స్ కమిషన్ పూర్తి వాలంటరీ ఆర్మీకి సిఫార్సు చేసింది, 1973 జనవరి 27న డ్రాఫ్ట్ పిలుపులు ఇక లేవని ప్రకటించారు. హెర్షీ అదే ఏడాది ఏప్రిల్‌లో ఆర్మీ నుంచి రిటైర్ అయ్యాడు, 1977 మే 20న సొంత ఊరి దగ్గర, ఇండియానాలోని ఆంగోలాలో చనిపోయాడు.

క్లాసులో ప్రతిసారీ ఒకరు అడుగుతారు, అంతమంది ప్రెసిడెంట్లలో ఒక్కరు కూడా ఆయన్ని ఎందుకు కదపలేదు సార్ అని. చేదు పని చేసే మనిషి దొరికితే రాజకీయ నాయకులకి హాయి, తిట్లు ఆయన తింటాడు. కాంగ్రెస్‌కి ఆయన మీద గురి, బోర్డు మెంబర్లకి ఆయన తండ్రి లాంటివాడు. ఇలాంటి పోస్టుకి కాలపరిమితి చట్టంలోనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతా. 1967 చట్టం బోర్డు మెంబర్లకి 25 ఏళ్ళ హద్దు, 75 ఏళ్ళ వయసు హద్దు పెట్టింది, ఆ హద్దు డైరెక్టర్‌కి అవసరమని మాత్రం అనుకోలేదు.

ఆయన సిస్టమ్ ఇంకా బతికే ఉంది, మార్పులతో. రిజిస్ట్రేషన్ 1975లో ఆగి 1980లో కార్టర్ టైమ్‌లో మళ్ళీ మొదలైంది. రేపు డ్రాఫ్ట్ వస్తే వరస లాటరీదే, స్టూడెంట్‌కి ఆ సెమిస్టర్ అయ్యేదాకే వాయిదా, ఆఖరి సంవత్సరం వాళ్ళకి ఆ ఏడాది అయ్యేదాకా. ఇది అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకి నేరుగా సంబంధించిన విషయం, చాలామంది పట్టించుకోరు కాబట్టి చెప్తున్నా. 2025 నాటి రూల్ ప్రకారం అక్కడ పుట్టిన అబ్బాయి అయినా, గ్రీన్‌కార్డ్ ఉన్న అబ్బాయి అయినా, 18 నుంచి 25 ఏళ్ళ మధ్య సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు ఉండాలి, 18 నిండిన 30 రోజుల్లోపు, ఆ వయసులో ఇమిగ్రెంట్‌గా వస్తే వచ్చిన 30 రోజుల్లోపు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసా స్టేటస్ సరిగ్గా ఉన్నంతకాలం అక్కర్లేదు, కానీ చదువు మధ్యలో గ్రీన్‌కార్డ్ వచ్చేస్తే ఆ రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 26 దాటాక ఇక చేసుకోలేరు, సిటిజన్‌షిప్ అప్లికేషన్‌లో ఇది అడుగుతారు, ఫెడరల్ ఉద్యోగాలకీ అడ్డు వస్తుంది. వీసా మీద ఉండి రిజిస్టర్ అవ్వని అబ్బాయిలు 26 దాకా ఏ స్టేటస్‌లో ఉన్నారో చూపించే ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు), వీసా కాగితాల కాపీలు పారేయకుండా ఉంచుకోండి, తర్వాత ఎప్పుడైనా అడిగితే చూపించాల్సింది మీరే.